నీలమ్మ అడిగిన తలకాయ

"మా తలకాయ మాకు ఇప్పియ్యి సారూ!"

అటవీ శాఖ బంగళా వరండాలో కాఫీ తాగుతున్న డిటెక్టివ్ పార్థసారథి ఉలిక్కిపడ్డాడు. గ్లాసు తొణికి తెల్ల చొక్కా మీద మరకపడింది. మెట్ల కింద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. కొంగు నడుముకు బిగించి, చంకలో ఖాళీ గంప పెట్టుకుని, అప్పు వసూలుకు వచ్చినదానిలా చూస్తోంది.

"ఏ తలకాయమ్మా?"

"పంది తలకాయ సార్. ఐతారంనాడు నా మొగడు వీరేశం కొట్టిన పంది. ఇయ్యాల మంగళారం. ఇంకా తలకాయ ఇంటికి రాలే."

వీరేశం రేంజి ఆఫీసరు భీమేశ్వరరావును కాల్చి చంపిన నేరం మీద లాకప్పులో ఉన్నాడు. నాలుగింటికి పోలీసులు అతన్ని నగరంలో మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్తారు. ఆ తరవాత జైలు. ఆ పైన ఏమైనా కావచ్చు. భార్య వచ్చి పంది తలకాయ అడుగుతోంది!

"నీ పేరు నీలమ్మ కదూ? మీ ఆయన మీద హత్య కేసు ఉందమ్మా. ఇప్పుడు నీకు పంది తలకాయ కావలసి వచ్చిందా?"

"కావలె. గందుకే కావలె."

ఆ గొంతులో ఏడుపు లేదు, వెర్రి లేదు. అది గమనించి పార్థసారథి గ్లాసు పక్కన పెట్టాడు.

ఆదివారం జరిగింది అతనికి కంఠతా వచ్చేసింది. కోకాపేట జొన్న చేలకు ఆనుకుని పులిబండ రక్షితారణ్యం ఉంది. బోరబండ వైపు మేసే ఊరపందులు కొన్ని అందులో చేరి అడవిపందులతో కలిసి ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. చేలల్లో జొన్న, వేరుశెనగ దక్కనివ్వడం లేదు. అడవి లోపల కౌజుల గుడ్లూ నెమళ్ళ గుడ్లూ తినేస్తున్నాయి, నాటిన మొక్కను నాటినట్టు పెళ్ళగిస్తున్నాయి. అందుకని భీమేశ్వరరావు ఒక ఏర్పాటు చేశాడు. నెలకొకసారి హాకా. అంటే ఊరివాళ్ళు లోపలినుంచి డప్పులు కొట్టి పందులను తోలాలి. పర్మిటు ఉన్న తుపాకులవాళ్ళు సున్నం కొట్టిన హద్దురాళ్ళకు బయటే నిలబడి కొట్టాలి. రాళ్ళ లోపల తుపాకి పేలితే ఆ తుపాకి జప్తు. పంది తప్ప మరే జంతువు మీద గురిపెట్టినా జైలు. రెండేళ్ళ కింద వచ్చిన కొత్త చట్టం కఠినమైనది, దాన్ని అమలుచేసే భీమేశ్వరరావు అంతకంటే కఠినమైనవాడు.

మొన్నటి హాకాలో ఆయనే పోయాడు. హద్దు దగ్గర వాగు పక్కన నిలబడ్డ మనిషి గుండెల్లో సీసం గుండు దిగింది. ఒక పంది కూడా పడింది. మూడు తుపాకుల్లో పేలింది వీరేశం భర్మార్ ఒక్కటే. నోటివైపునుంచి మందు కూరి, గుండు దించి కాల్చే పాతకాలపు తుపాకి అది. డాక్టరు తీసిన గుండు మీద వీరేశం పెట్టుకునే గుర్తు ఉంది. వీరేశం చూసి నాదే అన్నాడు. ఇన్‌స్పెక్టర్ విశ్వేశ్వరరావు కాగితాల మీద వేలిముద్ర వేయించాడు. అంతటితో కేసు అయిపోయింది.

అయిపోలేదని నమ్మింది ఆఫీసరుగారి భార్య పుణ్యవతి ఒక్కతే. పసుపు కుంకుమలు పోయిన రోజే పార్థసారథికి టెలిగ్రాం ఇప్పించింది. నిన్న ఆమె చెప్పిన మాట ఒక్కటే అతని చెవిలో తిరుగుతోంది. "శనివారం భోజనాల దగ్గర ఆయన అన్నారండీ, 'పందుల పేరు మీద ఇంకేవో పోతున్నాయి పుణ్యా, ఎవరు మోస్తున్నారో కూడా తెలిసింది' అని. పేరు అడిగితే, పొద్దున చెప్తాను, అన్నం తిననీ అన్నారు."

"నీలమ్మా, తలకాయ మీ ఇంటికి వస్తే ఏమవుతుంది?"

"అయ్యో, ఎరుక లేదా సార్? ఎవని గుండు తాకి పంది పడ్తదో తలకాయ వాని ఇంటికే. తలకాయ మా ఇంట్లకొస్తే, వీరేశం గుండు పందికే తాకిందని ఊరంత ఒప్పుకున్నట్టు. పందికి తాకిన గుండు మనిషికెట్ల తాకుతది? ఇన్‌స్పెక్టర్ సాబ్‌ను అడిగితే కానిస్టేబుల్‌తోని గేటు బయటికి నూకిచ్చిండు."

పార్థసారథి కుర్చీలోంచి లేచాడు.

అతను పుట్టింది బందరులో. ఏకాదశినాడు వంటింట్లో ఉల్లిపాయ కూడా కనపడనివ్వని ఇల్లు. నిన్న పులిబండ దగ్గర రాయి రాయీ వెతికాడు, పొద పొదా వంగి చూశాడు. కొత్తగా తవ్విన మట్టిదిబ్బ ఎదురైతే, పంది పాతిన చోటని కానిస్టేబులు చెప్పగానే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని చుట్టూ తిరిగి పోయాడు. ఇన్‌స్పెక్టరు గుంటూరువాడు, అతనూ అంతే. ఆ అడవిలో చచ్చిన ప్రాణులు రెండు. ఒకదాన్ని డాక్టరు కోసి చూశాడు, పోలీసులు కొలతలు తీశారు, డిటెక్టివు భూతద్దం పెట్టాడు. రెండోదాన్ని ముక్కు మూసుకుని పాతిపెట్టారు. అది సాక్ష్యమని ఒక్కరికీ తోచలేదు.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి పార్థసారథికి.

"పద నీలమ్మా. నీ తలకాయ నీకిప్పిస్తాను."

* * *

"రండి, రండి! నిందితుడు ఒప్పుకున్న కేసులో కూడా పరిశోధన చెయ్యగల మహానుభావులు మీరొక్కరే." ఇన్‌స్పెక్టర్ విశ్వేశ్వరరావు కుర్చీలోంచి లేవలేదు. పొడుగాటి మనిషి. ఇస్త్రీ మడత నలగని బట్టలు. ఠాణాలో అందరూ చెమటలు కక్కుతున్నా అతని నుదురు పొడిగా ఉంటుంది.

"ఒప్పుకున్న కేసుల్లోనే నాకు పని ఎక్కువండి. గుండు ఒకసారి చూడనిస్తారా?"

విశ్వేశ్వరరావు సొరుగులోంచి చిన్న గాజు సీసా తీసి బల్ల మీద దొర్లించాడు. పార్థసారథి గుండును అరచేతిలో వేసుకుని భూతద్దం పెట్టాడు. కింది వైపు చాకుతో గీసిన మూడు గీతలు. కోడి కాలు ఆకారం. అది వీరేశం గుర్తు. ఒక బుగ్గ మాత్రం చదునుగా ఉంది. ఆ చదును అంచుల వెంబడి సన్నని గీతలు.

"డాక్టరు ఏమన్నాడండీ? గుండు ఎముకకు తగిలిందన్నాడా?"

"లేదు. పక్కటెముకల సందులోంచి దూరింది."

"మరి ఎందుకు నలిగింది?"

"మనిషికి తగలకముందు పందికి తగిలింది కనక. పందిలోంచి బయటికి వచ్చి ఆఫీసరుగారికి తగిలింది. వీడు కొట్టింది పందినే, చచ్చింది మనిషి. అదండీ కథ."

"ఈ అంచుల మీద ఆకురాయి పెట్టిన గీతలున్నాయి. పంది ఎముక నలగ్గొడుతుంది సరే, ఆకురాయి కూడా పెడుతుందా?"

"పోసుకునేటప్పుడు వాడే గీసుకుని ఉంటాడు. ఈ కోడికాళ్ళూ కొంగకాళ్ళూ నేను ఆదివారం దాకా ఎన్నడూ చూడలేదు, నన్నడిగితే ఏం చెప్పను?" సీసా తీసుకుని సొరుగులో పడేశాడు.

పార్థసారథి లాకప్పు వైపు నడిచాడు. దారిలో గోడవారన జప్తు చేసిన భర్మార్లు వరసగా ఆనించి ఉన్నాయి. మెడకు చీటీలు. అన్నిటి మీదా వేలు మందాన దుమ్ము. చివరిదాని మీద మాత్రం లేదు. ఎవరో ఈమధ్యనే తుడిచారు.

ఊచల వెనక వీరేశం గొంతుక్కూర్చున్నాడు. బలమైన మనిషి మూడు రోజుల్లో సగమయ్యాడు.

"నేను పాపాత్మున్ని సార్. దేవునసొంటి ఆఫీసరు. మా పోరనికి జరమొస్తే సొంత జీపుల దవాఖానకు తీస్కపోయిండు. నా చేతుల్తోని..."

"ఎక్కడ నిలబడి కాల్చావు?"

"ఐదో హద్దురాయి కాడ సార్. బయటనే."

పార్థసారథి జేబులోంచి కవరు తీసి, అందులోంచి అంచులు కాలిన పచ్చ చీరపేలిక బయటికి లాగాడు. గుండు జారకుండా తుపాకి నోట్లో కూరే గుడ్డ అది. పేలగానే ఊడి పడుతుంది.

"ఇది ఎవరి చీర ముక్క?"

గుమ్మంలో నిలబడ్డ నీలమ్మ కొంగు అదే పచ్చ. వీరేశం తల వంచుకున్నాడు.

"నిన్న నాకిది దొరికింది ఐదో రాయి దగ్గర కాదు. రాళ్ళకు లోపల, సీతాఫలం పొద పక్కన. అక్కడ నువ్వు నిలబడితే నీ కుడిచేతి పక్కన ఇంత ఎత్తు బండ ఉంటుంది. ఆఫీసరుగారు ఉన్నది ఆ బండకు అవతల. నీకు ఆయన కనపడడు, నీ గుండు ఆయన్ని చేరదు. ఎందుకు అబద్ధం ఆడావు?"

విశ్వేశ్వరరావు కుర్చీ కిర్రుమంది.

"పంది మొండికేసింది సార్, రాళ్ళు దాటి వస్తలేదు. జర రెండడుగులు లోపలికి పోయిన. గది తెలిస్తే భర్మార్ గుంజుకుంటరు. మా తాత తుపాకి సార్ అది!"

"తుపాకి దక్కించుకోవడానికి ఉరికంబం ఎక్కుతావా?"

వీరేశం కళ్ళు పెద్దవయ్యాయి. "ఉరా? ఉరి ఏంది సార్? చూడక తాకింది, ఆర్నెల్లల్ల బయటికొస్తవు, ఒప్పుకో అన్నడు గద సాబ్!"

పార్థసారథి చివ్వున తిరిగాడు. "అలా చెప్పి వేలిముద్ర వేయించారా? కాగితంలో హత్య అని ఉంది!"

"ఏ సెక్షను పెట్టాలో నాకు తెలుసు. మీరు మీ హద్దురాళ్ళ లోపల ఉండండి."

"వీరేశం, ఒక్కటి చెప్పు. నువ్వు కొట్టగానే పంది పడిందా?"

"ఒక్క దెబ్బకు పడ్డది సార్. పడ్తుంటెనే ఇంకో చప్పుడైంది. గుట్ట మారుమోగిందన్నడు సాబ్. నేను సుత గదే అనుకున్న. గుండు మీద కోడికాలు చూపెట్టినంక ఇగ ఏమంట సార్? నా గుర్తు నేనెరుగనా?"

పార్థసారథి వచ్చి ఇన్‌స్పెక్టరు బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

"గుండు పందిలోంచి బయటికి వచ్చిందన్నారు. వచ్చిన కంత మీరు చూశారా?"

"పందినా? నేనా?" విశ్వేశ్వరరావు మొహం చిట్లించాడు. "మా ఇంటా వంటా లేని పని అది. ఆ మాంసం ఈ ఠాణా గడప కూడా తొక్కదు. కుళ్ళి కంపు కొట్టకముందే పాతిపెట్టించాను."

"కొయ్యకుండా, పోగులు పంచకుండా, ఊరివాళ్ళు అడుగుతున్నా వినకుండా. ఎందుకండీ అంత తొందర?"

"శవం పక్కన విందు చేసుకోమంటారా?"

"పందిని తవ్విస్తాను. వద్దంటే ఎస్పీగారికి ఫోన్ చేస్తాను. కోర్టులో ఎవరో ఒకరు అడుగుతారు ఆ కంత సంగతి. అప్పుడు మీరే చెప్పుకోవాలి."

విశ్వేశ్వరరావు నవ్వాడు. "అలాగే. బందరు బ్రాహ్మడు పందిని తవ్విస్తుంటే చూడటం కంటే వినోదం ఏముంటుంది? పదండి, నేనే తీసుకెళ్తాను."

* * *

నీలమ్మ, ఒక కానిస్టేబులు వెంట రాగా పులిబండ దగ్గర జీపు దిగేసరికి పార్థసారథి తెల్ల ప్యాంటు నిండా పొట్టి వెంట్రుకలు అంటుకున్నాయి. ఎరుపు కలిసిన లేత గోధుమ రంగు. దులిపినా రాలడం లేదు.

"కుక్కను ఎక్కిస్తారా జీపులో?"

"కానిస్టేబుళ్ళ గొంగళ్ళవి," అన్నాడు విశ్వేశ్వరరావు, అటు చూడకుండానే.

పోచయ్యను పిలిపించారు. హాకాలో డప్పు కొట్టేదీ, పడ్డ పందిని కోసి పోగులు వేసేదీ అతనే. నడివయసు మనిషి. చేతిలో గొడ్డలి, నడుములో కత్తి. ఇన్‌స్పెక్టరును చూసి దండం పెట్టాడు, నీలమ్మను చూసి కళ్ళు దించుకున్నాడు.

మట్టి తీస్తున్నకొద్దీ వాసన పైకి ఎగదన్నింది. పార్థసారథి చెయ్యి జేబులోని రుమాలు దాకా పోయింది. దాన్ని అక్కడే వదిలేసి గొయ్యి అంచున గొంతుక్కూర్చున్నాడు. విశ్వేశ్వరరావు దూరంగా, గాలి వచ్చే దిక్కున, ముక్కుకు తెల్ల రుమాలు కట్టుకుని నిలబడ్డాడు.

పోచయ్యా కానిస్టేబులూ కలిసి పందిని బయటికి ఈడ్చారు. నల్లటి మగపంది. మెడ మీద ముళ్ళలా నిలబడ్డ వెంట్రుక.

"గుండు దూరిన చోటు చూపించు."

"గిదో సార్. ఎడమ జబ్బ."

"ఇప్పుడు రెండో పక్కకు తిప్పు."

తిప్పారు. పార్థసారథి మోకాళ్ళ మీదికి వంగాడు. మట్టి తుడిచి, అరచేత్తో మెడ దగ్గరనుంచి తొడ దాకా నిమిరాడు. పుట్టి బుద్ధెరిగాక అటువంటి పని చేస్తానని అతను కలలో కూడా అనుకోలేదు. చీలిన చోటు లేదు. రక్తం గడ్డ లేదు. వెంట్రుక వెంట్రుకా ఉన్నచోట ఉంది.

"కంత లేదు," అన్నాడు. "పోచయ్యా, కొయ్యి."

కత్తి దిగింది. పోచయ్య మణికట్టు దాకా చెయ్యి పెట్టి వెతికాడు. ఇంకా లోపలికి పెట్టాడు. ఉన్నట్టుండి ఆ చెయ్యి ఆగిపోయింది. మెల్లగా బయటికి తీసి పిడికిలి విప్పాడు.

నల్లటి సీసం గుండు.

నీలమ్మ చెంబుతో నీళ్ళు పోసింది. పార్థసారథి కడిగి వెలుగుకు ఎత్తిపట్టాడు. కింది వైపు మూడు గీతలు. కోడి కాలు.

పోచయ్య నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. కానిస్టేబులు పార రెండు చేతులా పట్టుకుని రాయిలా నిలబడ్డాడు. నీలమ్మ గుండును చూసింది, పందిని చూసింది, గంప కింద పెట్టేసి నేల మీద చతికిలబడింది. మూడు రోజులనుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. విశ్వేశ్వరరావు ముక్కు మీది రుమాలు జారి మెడలో పడింది. అతను దాన్ని సర్దుకోలేదు.

పార్థసారథి ఈ గుండు పందిలో ఉంటుందని అనుకునే వచ్చాడు. ఉంటే వీరేశం బతికిపోతాడనుకున్నాడు. కాని అనుకున్నది చేతిలోకి వచ్చాక గాని దాని అర్థం తలకెక్కలేదు. వీరేశం గుండు ఇక్కడుంది. వీరేశం గుండే ఠాణాలో సీసాలో ఉంది. అంటే ఇది పొరపాటున తగిలిన దెబ్బ కానే కాదు. ఎవడో కూర్చుని, ఆలోచించి, ఒక అమాయకుడి గుర్తును ఒక మంచివాడి గుండెల్లో దించాడు.

"రెండుసార్లు పేల్చాడన్నమాట వెధవ," అన్నాడు విశ్వేశ్వరరావు.

"పోచయ్యా, భర్మార్ ఒకసారి పేల్చాక మళ్ళీ పేల్చడానికి ఎంతసేపు పడుతుంది?"

"మందు పొయ్యాలె, పేలిక కూరాలె, గుండు ఎయ్యాలె, గజంతోని దంచాలె సార్. తీరుబడిగ ఒక బీడి తాగొచ్చు."

"ఆదివారం రెండు చప్పుళ్ళకూ మధ్య బీడీ తాగావా?"

"ఏడ సార్! ఒకటెనుక ఒకటి, దబ్బదబ్బ. గుట్ట మోగిందంటరు గాని, గుట్ట మోగితే ఎనుకటిది చిన్నగ ఇనపడాలె. గది ముందటిదానికంటె పెద్దగ ఇనపడ్డది. వాగు దిక్కుకెల్లి."

"విన్నారా విశ్వేశ్వరరావుగారూ? ఇంకో తుపాకి ఉంది. వాగు దగ్గర."

"వినపడింది. ఆ గుండు ఇటివ్వండి. అది పోలీసు సాక్ష్యం."

"తప్పకుండా. పంచనామా రాసి, పోచయ్యా నీలమ్మా వేలిముద్రలు వేశాక."

"కాగితాలు ఠాణాలో ఉన్నాయి."

"అయితే ఠాణాలోనే ఇస్తాను." పార్థసారథి గుండును కవరులో వేసి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. పోచయ్య వైపు తిరిగాడు. "వీరేశం గుండ్లు ఇంకెవరి దగ్గరైనా ఉంటాయా? పోయిన హాకాలో కూడా పంది పడింది కదా. ఆ గుండు ఏమైంది?"

పోచయ్య కత్తి తుడుచుకుంటూ ఇన్‌స్పెక్టరు బూట్ల వంక చూశాడు. "పోగులల్ల కలిసిపోయింది సార్."

"పోగులో గుండు దొరికినవాడు ఏం చేస్తాడు?"

"కొట్టినోనికి వాపసిస్తడు. సీసం పిరం గద."

"ఇచ్చారా?"

"నాకెరుకలే సార్." ఆ మాట మరీ తొందరగా వచ్చింది. పోచయ్య గొడ్డలి ఎత్తి రెండు దెబ్బల్లో పంది తల వేరుచేశాడు. మోదుగాకులు పరిచి నీలమ్మ గంపలో పెట్టాడు. "తీస్కో చెల్లె. నీ మొగనిదే. ఊరంత చెప్త," అన్నాడు. మరి వెనక్కి చూడకుండా చేలకడ్డం పడి నడిచిపోయాడు.

విశ్వేశ్వరరావు కానిస్టేబులును దగ్గరికి పిలిచాడు. "నువ్వు బంగళాకు నడిచి వెళ్ళి పుణ్యవతిగారికి ఈ సంగతి చెప్పు. జీపు నేను నడుపుతాను." నీలమ్మ వైపు తిరిగాడు. ఆ మొహంలో అంతవరకు ఎరగని మెత్తదనం. "నువ్వూ ఎక్కమ్మా. నీ వాంగ్మూలం కూడా రాయాలి. గంప అలాగే పెట్టుకో, ఫరవాలేదు."

ఇంటా వంటా లేనివాడు, తన జీపులో పంది తలకాయ ఫరవాలేదంటున్నాడు!

పార్థసారథికి అది ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది. కాని గెలిచిన ఉత్సాహంలో ఉన్నాడు. మూడు గంటలు దాటింది. కోర్టుకు బయలుదేరేలోపు పంచనామా పూర్తయితే వీరేశం లాకప్పు గడప దాటనక్కరలేదు. ముందు సీటులో కూర్చున్నాడు. నీలమ్మ వెనక ఎక్కి గంపను ఒళ్ళో పెట్టుకుంది. ముఖం కడుక్కున్నట్టు తేటగా ఉంది.

జీపు కదిలింది.

"నీలమ్మా," అన్నాడు పార్థసారథి వెనక్కి తిరిగి, "పోయిన హాకాలో మీ ఆయన గుండు పందికి ఎక్కడ తగిలింది?"

"కుడి జబ్బకు సార్. ఎముకల ఇరుక్కున్నది."

ఎముకలో. నలిగిన బుగ్గ. మళ్ళీ తుపాకి నోట్లో పట్టడానికి అంచులకు పెట్టిన ఆకురాయి. చచ్చిన భీమేశ్వరరావు శరీరంలో ఎముకకు తగలని గుండు, అంతకు నెల ముందే ఒక పంది ఎముకలో నలిగింది!

"ఆ కుడి జబ్బ ఎవరి పోగుకు పోయింది? పోచయ్య చెప్పలేదు."

"చెప్పనీకేమున్నది సార్? కుడి జబ్బ ఎప్పటికీ ఠాణా పోగే. పెద్దల కాలం కాడికెల్లి గంతే. నేనే ఆకులల్ల చుట్టి తీస్కపోయిన. తెల్లారి గుండు అడుగుదామని మల్ల పోయిన. సాబ్ బల్ల మీదనే ఉండె. కోడికాలును ఇట్లట్ల తిప్పి చూసుకుంట, మంచిగున్నదే, నా దగ్గరుండనీ అన్నడు." ఆమె ముందుకు వంగింది. "తలకాయ ఇప్పిచ్చినవు సారూ, నీ కడుపు సల్లగుండ. గా గుండు సుత సాబ్‌ను అడిగి ఇప్పియ్యరాదూ?"

ఈ కోడికాళ్ళూ కొంగకాళ్ళూ నేను ఆదివారం దాకా ఎన్నడూ చూడలేదు.

ఆ మాంసం ఈ ఠాణా గడప కూడా తొక్కదు.

దుమ్ము లేని ఒకే ఒక్క భర్మార్. తొందరగా పాతిపెట్టిన పంది. పార్థసారథి తన మోకాలి మీదికి చూసుకున్నాడు. ప్యాంటుకు అంటుకున్న గోధుమ రంగు వెంట్రుకల మధ్య అక్కడక్కడా తెల్లనివి. గొంగడి కాదు, కుక్క కాదు. చుక్కల దుప్పి. పందుల పేరు మీద ఇంకేవో పోతున్నాయి పుణ్యా, ఎవరు మోస్తున్నారో కూడా తెలిసింది. మోసింది ఈ జీపే. తను కూర్చున్నది అందులోనే. ఒక గుండు ఇన్‌స్పెక్టరు సొరుగులో ఉంది, రెండోది తన జేబులో. చూసిన కానిస్టేబులు అతని మనిషి. పోచయ్య భయంతో పారిపోయాడు. మిగిలిన సాక్షి పంది తలకాయ ఒళ్ళో పెట్టుకుని, న్యాయం జరిగిందన్న సంతోషంతో వెనక సీటులో కూర్చుంది. తనే ఆమెను పిలుచుకు వచ్చాడు.

విశ్వేశ్వరరావు తల తిప్పలేదు. కళ్ళు దారి మీదే ఉన్నాయి. నుదుటి మీద మాత్రం మొదటిసారి చెమట కనిపించింది. ఎడమ చెయ్యి స్టీరింగు వదిలి, అరచెయ్యి పైకి తిప్పి, పార్థసారథి ముందుకు చాపాడు.

"ముందు మీ జేబులోది ఇవ్వండి పార్థసారథిగారూ. ఆమె గుండు సంగతి తరవాత చూద్దాం."

చింతచెట్ల దగ్గర దారి రెండుగా చీలింది. జీపు కుడికి తిరగకుండా, పాడుబడ్డ రాతి క్వారీ వైపు ఎడమకు తిరిగింది.

వెనకనుంచి నీలమ్మ గొంతు, ఇంకా ఏ అనుమానమూ లేకుండా వినిపించింది.

"సాబ్, ఠాణాకు గిట్ల పోరు గద?"